మొగం లోపలికి పెట్టిన రాయి

సుబ్బరాయప్ప ఎడమ అరచేయి గోడకు ఆనించి, కుడిచేతిలోని చిన్న సుత్తితో ఒక్కొక్క రాయినీ తట్టి చూస్తున్నాడు. గట్టిగా కొట్టడం లేదు. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి తలుపు తట్టినట్టు తడుతున్నాడు. బిగువుగా కూర్చున్న రాయి ఖంగుమంటుంది. వెనక ఖాళీ పడిన రాయి డొల్లగా పలుకుతుంది. మూడో క్రాసు వీధి గోడ నడుమ పది అడుగుల మేర రాళ్ళు మాత్రం ఈ రెండు రకాలుగానూ పలకలేదు. తడిసిన గోనెసంచిని కొట్టినట్టుగా ఉంది చప్పుడు.

పైనుంచి దారం వేలాడదీసి గుండు వదిలాడు. దారం మనిషి నడుమెత్తున గోడకు తగిలి ఆగింది. గుండు మాత్రం అడుగు రాళ్ళకు జానెడు దూరంలో గాలిలో ఊగింది.

"కడుపుతో ఉండాది" అన్నాడు.

కింద గడ్డి పీకుతున్న అతని భార్య పుట్టమ్మ తల ఎత్తకుండానే, "ఎన్నో నెల?" అంది.

"నెలలు నిండినాయి. ఈ వానలు దాటదు."

"మంత్రసానివి నువ్వే గదా. ఇంగ కానీ."

ముప్పైఆరేళ్ళుగా ఇద్దరూ కలిసే పని చేస్తున్నారు. అతను రాయి పెడతాడు, ఆమె చిన్న చీలికలు అందిస్తుంది. ఏ సందుకు ఏ చీలిక కావాలో అడగకముందే ఆమె చేతిలో ఉంటుంది. ఈ గోడ కూడా వాళ్ళిద్దరూ కట్టిందే. పదహారేళ్ళ కిందట ఈ గుట్ట మీద లేఅవుట్ వేసినప్పుడు పై మట్టి జారకుండా కట్టారు.

గుట్టను ఇప్పుడు గ్రీన్ సమ్మిట్ అంటారు. హోసూరు బస్టాండు నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. పైన నిలబడితే పడమట ఊరంతా కనిపిస్తుంది, ఊరి నెత్తిన చంద్రచూడేశ్వరుని కొండ, ఈ పక్క ఫ్యాక్టరీల రేకుల కప్పులు, గులాబీ తోటల మీద పరిచిన తెల్లటి ప్లాస్టిక్ గుడారాలు. ఇంకో పక్క కృష్ణగిరికి పోయే హైవే, దాని మీద చీమల బారులాగా లారీలు. తెల్లవారి మంచు పడితే ఇవేమీ ఉండవు, కొండ గోపురం ఒక్కటే తేలుతూ ఉంటుంది. ఆ చూపు కోసమే బెంగళూరు వాళ్ళు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. వీధులకు రోజ్ స్ట్రీట్, లావెండర్ స్ట్రీట్ అని పేర్లు పెట్టారు. లావెండర్ ఎట్లా ఉంటుందో ఆ వీధిలో ఉండేవాళ్ళకే తెలియదని పుట్టమ్మ నవ్వుతుంది, ఆ వీధిలో మూడిళ్ళలో ఆమె గిన్నెలు తోమింది.

సుబ్బరాయప్పకు ఆ వీధులు వేరే పేర్లతో తెలుసు. మొదటి క్రాసు అంటే అతని నాయన బండ పగలగొట్టిన గని. రెండో క్రాసు అంటే రాగులు నూర్చిన కళ్ళం. మూడో క్రాసు అంటే వంక. వానాకాలంలో గుట్ట నీళ్ళన్నీ ఆ వంకలోకే దిగేవి. ఆ వంక ఒడ్డున ముప్పై ఇళ్ళ పల్లె ఉండేది. పల్లె పేరు కరడిదొడ్డి.

ఎనిమిది గంటలకు జనార్ధనరావు వాకింగ్ ముగించుకుని గోడ దగ్గరికి వచ్చాడు. కాలనీ సంఘానికి సెక్రటరీ. బెంగళూరులో ఏదో కంపెనీలో మెషీన్ల ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. మాట మెత్తన.

"ఏమయ్యా సుబ్బరాయప్పా, ఎన్ని రోజులు?"

"విప్పేదానికి రెండు దినాలు, కట్టేదానికి మూడు దినాలు సార్."

"విప్పడం ఎందుకయ్యా? ముందునుంచి సిమెంటుతో ఒక పట్టీ వేస్తే పోయేదానికి?"

"కడుపునొప్పికి పైన గుడ్డ బిగించినట్లుంటాది సార్. లోపల నీళ్ళుండాయి."

"నీళ్ళెక్కడివయ్యా? పైన సిమెంటు రోడ్డు. చుక్క దిగదు."

"రోడ్డు మీరు వేసినారు సార్. వంకను మీరు వేయలేదు గదా. అది దాని దారిన వస్తాంది."

జనార్ధనరావు నవ్వాడు. వాదించలేదు, ఆ మాత్రం పనితనం తెలిసినవాడే. "సరే, నీ ఇష్టం. ఆదివారం పొద్దునకల్లా అప్పగించాలి. పదిహేనో వార్షికోత్సవం. పెద్దవాళ్ళు వస్తున్నారు. ఇదిగో, మన గుట్ట చరిత్ర పుస్తకం కూడా అచ్చు వేయిస్తున్నాం." జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీసి మొదటి వాక్యం తానే చదివాడు. "లేఅవుట్ రాకముందు ఈ గుట్ట మీద ముళ్ళపొదలు, బండరాళ్ళు తప్ప ఏమీ లేవు."

అతను పోయాక పుట్టమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "మనం ముళ్ళపొదలమా, బండరాళ్ళమా అడిగి ఉండాల్సింది."

సుబ్బరాయప్ప కావిముద్ద తీసుకుని పైవరుస మొదటి రాతి మీద అంకె వేశాడు.

గోడ విప్పేటప్పుడు ప్రతి రాతికీ అతను అంకె వేస్తాడు. పైన వరుస అంకె, కింద రాయి అంకె. తీసిన రాయి తీసిన చోటికే పోవాలి. పదహారేళ్ళు పక్కరాళ్ళతో ఒరుసుకుని కూర్చున్న రాయిని ఇంకోచోట పెడితే అది కొత్తకాపురం మాదిరి మొదటినుంచి సర్దుకోవాలి. ఇది ఎవరూ నేర్పింది కాదు. రెండు గోడలు పడగొట్టుకుని నేర్చుకున్నాడు. అతని బడిచదువు మూడో క్లాసు.

ఆ వేళ అతని చేతులకు ఉన్న తొందర మాత్రం కాలనీ వార్షికోత్సవం కోసం కాదు. కడుపు పట్టిన చోటికి సరిగ్గా కింద, నేలనుంచి రెండో వరుసలో, అతను తన చేతులతో దాచిన రాయి ఒకటి ఉంది. శుక్రవారానికి ఆ రాయి కావాలి.

ఆ రాయి కరడిదొడ్డి వీరగల్లు. ఎప్పటి కాలానిదో ఎవరికీ తెలియదు. మనిషి రొమ్మెత్తు పలక, దాని మీద కత్తి పట్టుకున్న మనిషి, ఎదురుగా వెనకకాళ్ళ మీద లేచిన కరడి, అంటే ఎలుగుబంటి, పైన నాలుగు వరుసల పాత అక్షరాలు. దొడ్డిలోని పశువుల మీద పడిన కరడితో కలబడి చచ్చిపోయినవాడని చెప్పేవాళ్ళు. ఈరప్ప అని పిలిచేవాళ్ళు. మారెమ్మ పండగనాడు పసుపు పూసి పాలు పోసేవాళ్ళు. అక్షరాలు చదివినవాడు పల్లెలో ఒక్కడూ లేడు.

గుట్టను సొంతదారు అమ్మేశాక పల్లెలో సగం మంది వేప్పనపల్లి, అత్తిముగం వైపు చుట్టాల ఊళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళు గుట్ట కిందికి దిగి పన్నెండు ఇళ్ళు వేసుకున్నారు. పైన జేసీబీలు దిగాయి. కనిపించిన రాయినల్లా కంకర మిషనుకు తోలుతున్నారు. సుబ్బరాయప్ప అప్పుడు ఆ కాంట్రాక్టరు దగ్గరే గోడ మేస్త్రీ. ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు, అతనూ పుట్టమ్మా గడ్డపారలతో వీరగల్లును దొర్లించుకుంటూ గోడ దగ్గరికి తెచ్చారు. పలకను అడ్డంగా పడుకోబెట్టి, మొగం లోపలికి తిప్పి గోడలో కట్టేశారు. చెక్కిన మొగం బయటికి పెడితే దాని మీద సున్నం కొడతారు, పోస్టర్లు అతికిస్తారు, తాగినవాళ్ళు ఉమ్మేస్తారు. దేవుణ్ణి వీధి మొగాన నిలబెట్టకూడదని వాళ్ళ లెక్క. మొగానికి దెబ్బ తగలకుండా వెనక రెండు గంపల మెత్తటి ఇసుక కూడా పోశాడు. అదంతా సర్దుకున్నాక తీసుకుందాంలే అనుకున్నాడు.

పల్లెవాళ్ళకు చెప్పలేదు. చెబితే మాట కాంట్రాక్టరు చెవిన పడుతుందని మొదట్లో భయం. తర్వాత భయం పోయింది, కాంట్రాక్టరు కూడా పోయాడు. అయినా తీయలేదు. ఎందుకంటే ఆ గోడ సుబ్బరాయప్ప కట్టిన గోడలన్నిటిలోకీ మంచిది. తాపీకి పని లేకుండా, రాతికి రాయి కరచుకుని, చివరిదాకా దారం గీసినట్టు కట్టాడు. హోసూరునుంచి మేస్త్రీలు వచ్చి చూసి పోయేవాళ్ళు. రాయి తీయాలంటే ఆ గోడ విప్పాలి. వచ్చే ఏడు, ఆ పై ఏడు అంటూ పదహారేళ్ళు గడిపాడు. పుట్టమ్మ రెండుమూడుసార్లు గుర్తు చేసి మానేసింది.

పోయిన నెల పన్నెండు ఇళ్ళకూ నోటీసులు వచ్చాయి. అది పొరంబోకు భూమి, ఇళ్ళు ఈమధ్య వేసుకున్నవి, ఖాళీ చేయాలి. ఆ జాగా మీదుగానే గ్రీన్ సమ్మిట్‌కు రెండో రోడ్డు వస్తుందట. ఇక్కడ మీ పల్లె పాతకాలం నుంచి ఉందనడానికి ఆధారం ఏదైనా ఉంటే శుక్రవారం విచారణకు తెచ్చుకోండి అన్నారు. రేషను కార్డులన్నీ కొత్త ఇళ్ళ మీదే ఉన్నాయి. పాత పన్ను రశీదు ఒక్కటీ ఎవరి దగ్గరా లేదు.

అప్పుడే కలైసెల్వి స్కూటర్ మీద వచ్చింది. కృష్ణగిరిలో కాలేజీ టీచరు. సెలవు దినాల్లో ఊరూరా తిరిగి వీరగల్లులు వెతికి రాసుకుంటుంది. "ఈ జిల్లాలో ఇట్లాంటి రాళ్ళ మీద సాధారణంగా ఊరి పేరు ఉంటుంది అన్నా" అంది. "అది దొరికితే నేను చదివి, లెటర్ రాసిస్తాను. వెంటనే ఇళ్ళు కొట్టలేరు. ఆగి ఆలోచించాల్సి వస్తుంది. మీ ఊళ్ళో ఉండేదా?"

"ఉండె తల్లీ. కంకర మిషనోడు మింగేసినాడు" అంది కాళమ్మ. పన్నెండు ఇళ్ళకూ పెద్దదిక్కు ఆమె, డెబ్బై దాటింది, సుబ్బరాయప్పకు మేనత్త.

సుబ్బరాయప్ప నేల చూస్తూ, "మింగలేదత్తా. ఉండాది. నా గోడలో ఉండాది" అన్నాడు.

కాళమ్మ మెల్లగా అంది. "పదహారేళ్ళు వాణ్ణి తిట్టి తిట్టి నా నోరు పాచిపోయిందిరా. నిన్ను తిట్టాల్సిన తిట్లు గదా అవి!" తిట్టింది కూడా. కానీ తిట్టేటప్పుడు ఆమె ముఖం వెలుగుతూనే ఉంది. రాయి దొరికింది.

బుధవారం మధ్యాహ్నానికి గోడ నడుమ భాగం నేలకు మూడడుగుల ఎత్తుదాకా దిగింది. తీసిన రాళ్ళు రోడ్డు పక్కన అంకెల ప్రకారం బారులు తీరి ఉన్నాయి. కాళమ్మ కర్ర పొడుచుకుంటూ పైకి ఎక్కి వచ్చింది. కొంగులో పసుపు, చెంబులో పాలు. కలైసెల్వి కెమెరా, కాగితాలు, బ్రష్షులు పరచుకుని కూర్చుంది.

"ఏమే పుట్టీ, దగ్గరుండి పూడ్చినావంట గదా మా ఈరప్పను" అంది కాళమ్మ.

"పూడ్చలేదత్తా, పడుకోబెట్టినాం. లేపుతాండాం చూడు" అంది పుట్టమ్మ.

రెండో వరుస మీది చివరి రాయి తీసి పక్కన పెట్టాడు సుబ్బరాయప్ప. వీరగల్లు పై అంచు బయటపడింది. వీధివైపు తిరిగిన దాని వీపు గరుకుగా, పసుపుపచ్చ నాచు పట్టి ఉంది. అతను పైనుంచి చేయి వంచి, రాతి వెనక పోసిన ఇసుక కోసం వేళ్ళు దూర్చాడు.

వేళ్ళు దూరలేదు.

ఇంకోచోట చూశాడు. అక్కడా అంతే. ఉలి తీసుకుని గోకాడు. బూడిదరంగు పొడి రాలింది. అతను ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు.

"ఏమైందన్నా?" అంది కలైసెల్వి.

"సిమెంటు" అన్నాడు. "ఇది నేను పోసింది కాదు."

విషయం అతనికి అప్పుడే అర్థమైంది. గోడ కట్టిన ఏడాది వానాకాలంలో రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. కారాలనే అతను కట్టాడు. చూసినవాళ్ళకు మాత్రం గోడ లీకవుతోంది అనిపించి ఉంటుంది. అతను ఇంకో పనికి బేరిగై ఊరికి పోయి ఉన్నప్పుడు ఎవరో గోడ వెనక పైనుంచి నీళ్ళ మాదిరి సిమెంటు పాలు పోసేశారు. అది ఇసుకలోకి ఇంకి, ఇసుకను కూడా రాయిని చేసి, నీళ్ళ దారి మూసేసింది. నీళ్ళు పోయే తోవ లేక గోడకు కడుపు వచ్చింది. వీరగల్లు మొగం మీద సిమెంటు గడ్డకట్టింది. అతను మెత్తగా ఉండాలని పోసిన ఇసుకే దానికి గట్టి పట్టు అయింది. వట్టి మట్టి ఉంటే ఇంతగా కరచుకునేది కాదు.

ఆ మధ్యాహ్నమంతా, మర్నాడు పొద్దున్నుంచీ అతను సన్న ఉలితో పలక చుట్టూ సిమెంటును గీరాడు. సుత్తి బరువును మణికట్టు దాటనివ్వలేదు. నీళ్ళు పోసి, ఆగి, మళ్ళీ గీరాడు. పుట్టమ్మ తడిగుడ్డ పట్టుకుని పక్కనే కూర్చుంది. గురువారం రెండు గంటలప్పుడు రాయి కదిలింది. ఇద్దరూ రెండు పక్కల గడ్డపారలు పెట్టి, ఊపిరి బిగబట్టి, వేలెడంత ముందుకు తెచ్చారు.

లోపల ఏదో చిరిగినట్టు చప్పుడైంది. కట్టెలో పేడు లేచినట్టు, సన్నగా, పొడుగ్గా.

ఆ చప్పుడు ఏమిటో సుబ్బరాయప్పకు తెలుసు. వందల ఏళ్ళు ఎండకు ఎండి, వానకు నానిన రాతికి పైతోలు వేరుపడి ఉంటుంది. గడ్డపార అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. "తిప్పు" అంది పుట్టమ్మ. ఆమే తిప్పింది.

పలక మొగం తెల్లగా, కొత్తగా, అప్పుడే పగిలిన బండలాగా ఉంది. ఒక మూల మనిషి కాలు మోకాలిదాకా మిగిలింది. దాని పక్కన కత్తి మొన. అక్షరాల వరుసలున్న చోట ఏమీ లేదు. అవన్నీ సిమెంటుకు అతుక్కుని పొడిపొడిగా, పెచ్చులు పెచ్చులుగా గోడ వెనకే ఉండిపోయాయి. కలైసెల్వి గోడలోకి దూరి, టార్చి వేసి, ఒక్కొక్క పెచ్చునూ బ్రష్షుతో తుడిచి గంటసేపు చూసింది. బయటికి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంది.

"రెండు అక్షరాలు ఉన్నాయి అన్నా. విడివిడిగా. వాటితో ఏమీ చెప్పలేను." బ్రష్షులు సంచిలో వేసుకుంటూ, "మీరు దీన్ని బయటికి మొగం పెట్టి కట్టి ఉంటే, నేను మూడేళ్ళ కిందట ఈ వీధిలోంచి పోయినప్పుడే చదివి ఉంటాను" అంది. నిందించడానికి అన్న మాట కాదు. అందుకే అది లోతుగా దిగింది.

కాళమ్మ పాలచెంబు పక్కన పెట్టి, సుబ్బరాయప్ప దగ్గరికి వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించి, "రేయ్, నువ్వు చెక్కేవాడివే గదా. బొమ్మ నీకు తెల్సు. నేను చెప్తా, కరడి చెవులు ఎట్లుండేవో గూడా చెప్తా. మల్ల చెక్కు" అంది.

"అక్షరాలో?"

"నాలుగు గీతలు గీయి. ఆ టీచరమ్మ చూపిస్తాది ఎట్ల గీయాల్నో."

కలైసెల్వి ముఖం అటు తిప్పుకుంది.

"చెక్కలేనత్తా."

"పదహారేళ్ళు దాచేదానికి వచ్చింది. ఒక రేయి చెక్కేదానికి రాదా?"

"చెక్కేదానికి వస్తాది" అన్నాడు సుబ్బరాయప్ప. "ఉలిగాటు నిన్నటిదో మొన్నటిదో చూసినోడికి తెలస్తాదత్తా. రాయి దొంగదని తేలితే, ఇంగ మనం నోరు తెరిచి చెప్పే నిజం గూడా దొంగదే అంటారు. తేలకపోయినా నేను చెక్కను. అది వాడు చచ్చిపోయినందుకు పెట్టిన రాయి. మనం బతికేదానికి దాని మీద ఉలి పెట్టకూడదు."

"నీ నీతులు నీ గోడలోనే పెట్టుకోరా" అంది కాళమ్మ. "నీ గోడ బాగుంటే చాలు నీకు. ఎప్పుడూ అంతే." పాలచెంబు ఎత్తుకుని గుట్ట దిగి పోయింది.

పుట్టమ్మ పెచ్చులన్నీ ఏరి గంపలో వేసింది.

శుక్రవారం పన్నెండు ఇళ్ళవాళ్ళూ బస్సెక్కి విచారణకు పోయారు. ఫోటోలు చూసిన ఆఫీసరమ్మ చెడ్డ మనిషి కాదు. ఓపికగానే అడిగింది.

"ఇందులో ఏముంది?"

"కాలు, కత్తి మొన మేడం" అన్నాడు సుబ్బరాయప్ప.

"ఊరి పేరు?"

"ఉండె మేడం."

"చదివినవాళ్ళు ఎవరు?"

పల్లెవాళ్ళు తరతరాలుగా పాలు పోశారు, పసుపు పూశారు, పిల్లల పుట్టువెంట్రుకలు తీయించారు. చదివినవాళ్ళు లేరు. ఆ నాలుగు వరుసల్లో ఊరి పేరు ఉందో లేదో కూడా నిజానికి ఎవరికీ తెలియదు.

"ఈ రాయి మీ ఊరిదే అనడానికి సాక్ష్యం?"

"నేనే మేడం గోడలో పెట్టింది."

"ఎవరు చూశారు?"

"నా పెండ్లాం."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆఫీసరమ్మ నవ్వలేదు. కలైసెల్వి రాసిచ్చిన ఉత్తరం రెండుసార్లు చదివి ఫైలులో పెట్టింది. మూడు నెలల గడువు ఇచ్చారు. బేరిగై రోడ్డు పక్కన ఎక్కడో తలా ఒక జాగా చూపిస్తామన్నారు. తిరుగు బస్సులో కాళమ్మ అతనికి దూరంగా కిటికీ పక్కన కూర్చుంది.

శనివారం తెల్లవారకముందే సుబ్బరాయప్ప గుట్ట ఎక్కాడు. గోడ వెనక గడ్డకట్టిన సిమెంటునంతా పగలగొట్టి బయటికి తీశాడు. దాని వెనక పట్టి ఉన్న నీళ్ళు బురదగా, నల్లగా, కుళ్ళు వాసనతో కిందికి దిగాయి. వాటిని పోనిచ్చి, గులకరాళ్ళు పరిచి, రాళ్ళ మధ్య ఏడు తూములు వదిలాడు. తర్వాత అంకెల ప్రకారం కట్టడం మొదలుపెట్టాడు. రెండో వరుసకు వచ్చేసరికి చేయి ఆగింది.

"దాన్ని ఏం చేస్తాము?" అంది పుట్టమ్మ.

"అత్తను అడగాల."

అడగడానికి పోనక్కరలేకపోయింది. కాళమ్మే వచ్చింది, కర్ర పొడుచుకుంటూ. వీరగల్లు ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఏ పక్క మొగం?"

"ఇది" అని తెల్లటి పక్క చూపించాడు.

"మేము ఏ ఊరికి పోతామో ఆడ దీన్ని యాడ పెట్టుకోవాలిరా? రెండు సెంట్ల జాగాలో మేముండేదానికే చాలదు." కొంగుముడి విప్పింది. "ఈన్నే ఉండనీ. ఈడినుంచి వాణ్ణి ఖాళీ చేయించే నోటీసు ఎవరూ ఇయ్యలేరు. ఈసారి మొగం బయటికి పెట్టు."

"ఇంగ మొగం యాడుందత్తా..."

"మొగం లేకపోతే లేకపోనీ. పెట్టు."

అతనూ పుట్టమ్మా కలిసి రాయిని పాత చోటికే ఎక్కించారు. వెనక ఇసుక పోయలేదు, సిమెంటు పోయలేదు. గులకరాళ్ళు పరిచి, పక్కనే తూము వదిలి, చీలికలతో బిగించాడు. సుత్తితో తట్టాడు. ఖంగుమంది. కాళమ్మ పసుపు తడిపి, అక్షరాలుండిన చోటనంతా అరచేత్తో పూసింది. గరుకు రాతికి అరచేయి గీరుకుంది. ఆమె చూసుకోలేదు. పాలు తేలేదు ఆ రోజు.

చీకటి పడేలోగా పైవరుస కూర్చుంది. దారం పట్టి చూశాడు. గోడ ఈ కొసనుంచి ఆ కొసదాకా తిన్నగా ఉంది. పదహారేళ్ళ కిందట కట్టినప్పటికన్నా బాగా వచ్చింది. పుట్టమ్మ కూడా ఆ దారం వెంట చూసింది.

ఆదివారం పొద్దున మొదటి క్రాసులో షామియానా వేస్తున్నారు. మైకులో ఎవరో హలో హలో అంటున్నారు. జనార్ధనరావు తెల్లచొక్కా వేసుకుని, చరిత్ర పుస్తకాల కట్ట చంకన పెట్టుకుని గోడ చూడటానికి వచ్చాడు. కొసనుంచి ఒక కన్ను మూసి చూశాడు.

"భేష్. పనివాడివయ్యా నువ్వు." తర్వాత కింది వరుస దగ్గర ఆగాడు. "ఇదేంటి, ఇంత మంచి గోడలో ఈ పెచ్చులూడిన రాయి పెట్టావు? మార్చకూడదూ?"

"అది అంకె ప్రకారం దాని చోటే సార్."

"ఈ పసుపేమిటి?"

"మా అత్త పూసింది. వానకు పోతాది సార్."

జనార్ధనరావు ఇంకేదో అడగబోయి, మైకులో తన పేరు వినిపించి అటు తిరిగాడు. "సరే, అప్పగించేసినట్టేనా?"

"ఒక్క నిమిషం సార్. నీళ్ళు చూసి పోండి."

పుట్టమ్మ అప్పటికే పైన రోడ్డు అంచున నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. సుబ్బరాయప్ప చేయి ఎత్తగానే గోడ వెనక వదిలిన సందులోకి బిందె తర్వాత బిందె పోసింది. మొదట ఏమీ రాలేదు. జనార్ధనరావు గడియారం చూసుకున్నాడు. తర్వాత కుడి చివర తూము తడిసింది, చుక్క వేసింది, సన్నటి ధార కట్టింది. ఒకటొకటిగా అన్నీ కట్టాయి. చివరగా వీరగల్లు పక్క తూము పారింది. ఆ ధార గాలికి రవ్వంత వంగి పసుపు మీద పడింది. పచ్చటి నీళ్ళు అడుగు రాళ్ళ మీదుగా కాలువలోకి పోయాయి.

సుబ్బరాయప్ప ఏడు తూములూ లెక్కపెట్టుకున్నాడు. దారం గుండుకు చుట్టి సంచిలో వేశాడు. పని కోసం కాలనీవాళ్ళు ఇచ్చిన సామాన్ల షెడ్డు తాళంచెవి మొలనుంచి విప్పి జనార్ధనరావు చేతిలో పెట్టాడు.

"అప్పగించినాను సార్" అన్నాడు.